దిబ్బ మీద దువ్వెన

రాజంపేట,
బుధవారం.

చిరంజీవి చెల్లెలు రవణమ్మకు అక్క తిరుపతమ్మ దీవించి రాయునది.

సోమక్క కువైట్ నుంచి సెలవు మీద వస్తూ తెచ్చిన నీ ఉత్తరం అందింది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నీ క్షేమం తెలుపగలవు అని మొదలుపెట్టడం మన అమ్మ నేర్పిన పద్ధతి. ఇరవై ఏళ్లుగా పొదుపు సంఘం మినిట్స్ రాస్తున్న చేయి నాది. ఎప్పుడూ తడుముకోదు. ఈ రోజు ఆ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. మీ బావా నేనూ ప్రాణాలతో ఉన్నాం. శివాని కూడా ఉంది. అంతవరకు నిజం.

ఫోన్లుండగా ఇంత పెద్ద ఉత్తరమేమిటి అనుకుంటావేమో. నువ్వు పనిచేసే ఇంటామె నీ ఫోను తీసి బీరువాలో పెడుతుందని నువ్వే రాశావు. అదొక్కటే కారణం కాదులే. ఇందులో ఉన్న మాట నోటితో చెప్పేది కాదు.

ముందు నువ్వు అడిగినవి చెప్పేస్తాను. మీ బావకు షుగరు తగ్గలేదు, తగ్గే పనులు ఆయన చేయడు. తోటకు పోతే అరటిపండు తినకుండా తిరిగి రాడు. మొన్నటి గాలికి సగం గెలలు నేలపాలయ్యాయి. మిగిలినవి చెన్నైకి లోడు ఎత్తాము. నా మోకాళ్లు నన్ను తిడుతూనే ఉన్నాయి, నేనూ వాటిని తిడుతూనే ఉన్నాను. నువ్వు పంపిన నొప్పుల నూనె మంచిదే. శివానికని పంపిన జుట్టు సాఫీ చేసే క్రీము మాత్రం మూత కూడా తీయలేదు.

రెండు నెలలుగా శివానిని సోమక్క ఫోను వీడియోలో ఎందుకు చూపించడం లేదని మూడుసార్లు అడిగావు. ఇంటర్ రెండో సంవత్సరం కదా, పరీక్షలు, హాస్టల్లో ఫోన్ ఇవ్వరు అని సోమక్కతో చెప్పించాను. అదంతా అబద్ధం. శివాని కడప హాస్టల్లో లేదు. మన ఇంట్లోనే, నడిమింట్లో మంచం మీద ఉంది. గుండు చేసుకుంది. తల నిండా కుట్ల మచ్చలు.

జరిగింది జరిగినట్టు రాస్తాను, గుండె దిటవు చేసుకో. కాలేజీ వార్షికోత్సవంలో దేశదేశాల నాట్యాలని ఒక అంశం పెట్టారు. ఆఫ్రికా నాట్యానికి మన శివానిని ముందు నిలబెట్టారు. నేర్పించే టీచరమ్మ, "నీకు మేకప్ ఖర్చు కూడా లేదు" అని నవ్విందట. నడుముకు ఆకులు కట్టి, ముఖం మీద సున్నంతో తెల్ల చుక్కలు పెట్టి, చేతికి బల్లెం ఇచ్చారు. పిల్ల సరేనంది. ఎవరేం చెప్పినా సరేననే పిల్లే కదా అది. ఆరేడొందల మంది ఈలలు వేసి, ఇంకోసారి ఆడమని అడిగి ఆడించారట. మరునాడు పొద్దున హాస్టల్ బాత్రూములో తలుపు వేసుకుని, బ్లేడుతో తన జుట్టు తానే గీక్కుంది. చర్మం ఎక్కడ తెగుతున్నదీ చూసుకోలేదు. పదకొండు కుట్లు పడ్డాయి.

నేనూ మీ బావా పోయేసరికి తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చుని ఉంది. నా బుద్ధి చూడు, దగ్గరికి తీసుకోవడానికి ముందు గద్దించాను. "ఏందే ఇది? ఎందుకు చేసుకుంటివే?" అన్నాను. నా కళ్లలోకి చూసి, "మొక్కు తీర్చుకుంటినిమా" అంది.

ఆ తర్వాత ఈ రెండు నెలల్లో అది నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం పెడితే తింటుంది. నీళ్లిస్తే తాగుతుంది. నేను గదిలోకి వస్తే గోడ వైపు తిరుగుతుంది.

ఆ మాట ఎందుకన్నదో నీకు సగం తెలుసు. మిగతా సగం విను. మైదుకూరులో మేనత్త ఇంట్లో నువ్వు దాన్ని కన్నావు. కువైట్లో తెలిస్తే జైలే అని అయిదో నెలలో పారిపోయి వచ్చావు కదా. పన్నెండేళ్లు పిల్లల్లేని నేను దాన్ని నా బిడ్డగా ఎత్తుకొచ్చాను. ఊరు నమ్మినట్టు నటించింది. పసిగుడ్డుగా ఉన్నప్పుడు మనందరి నలుపే అనుకున్నారు. జుట్టు పెరిగాక అనుకోలేదు. చిన్న చిన్న ఉంగరాలుగా, చేయి పెడితే దూదిలా, నూనె రాసి అణచినా లేచి నిలబడే జుట్టు. వీధిలో ఎవరో "కువైటు సరుకు" అన్న మాట నా చెవిన పడింది. ఆ వారమే తిరుమల కొండకు మొక్కుకున్నాను, బిడ్డకు ఆరోగ్యం బాగుంటే ఏటా తలనీలాలు ఇస్తానని.

ఏటా అన్నది దేవుడితో చెప్పిన మాట. తీయించింది మాత్రం నాలుగు నెలలకొకసారి. జుట్టు రెండు వేళ్ల ఎత్తు పెరిగితే చాలు, బస్సు ఎక్కించేదాన్ని. ఒకసారి కొండ, ఒకసారి రాయచోటి వీరభద్రుడు, ఇంకోసారి ఎక్కడ గుడి కనిపిస్తే అక్కడ. తిరుపతమ్మకు ఎంత భక్తి అని సంఘంలో ఆడవాళ్లు మెచ్చుకునేవారు. కల్యాణకట్టలో గుండు చేసే ఆమె ఒకసారి, "ఊలు మాదిరి ఎంత బాగుండాదమ్మా ఈ జుట్టు! తల్లీ, పెరగనీరాదా?" అంది. ఆమె మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. పన్నెండో ఏట పిల్ల నేను రానని స్తంభం పట్టుకుని ఏడ్చేదాకా ఆ మొక్కు తీరుతూనే ఉంది. ఆ తర్వాత నూనెలు, బిగించి అల్లిన జడలు, నువ్వు పంపే క్రీములు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, జుట్టు కనబడకపోతే పిల్ల ఎవరో ఎవరికీ తెలియదనుకున్నాను.

ఆసుపత్రి నుంచి రాగానే కాలేజీవాళ్లు తమ కౌన్సిలింగ్ సారు దగ్గర కూర్చోబెట్టారు. ఆయన మంచివాడే. గంటసేపు మాట్లాడాడు. మనుషులందరి రక్తం ఎరుపే, రంగులు మనం పట్టించుకోకూడదు, నువ్వు వేరే అనుకోవడమే నీ సమస్య, అలా అనుకోవడం మానేస్తే ఎవరూ ఏమీ అనరు అని చెప్పాడు. నాకు ఎంత బాగా అనిపించిందో! ఇంటికొచ్చాక అది రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాకు అప్పుడు అర్థం కాలేదు.

తర్వాత మీ బావ కడప పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ కౌన్సిలర్ శివలీల మేడం. ఆదోని దగ్గరి పల్లెటూరామె, నలభై ఏళ్లుంటాయి. నలుపులో నాకంటే ఒక పాలు ఎక్కువే. మొదటి రోజు ఏమీ అడగలేదు. రెండో రోజు నా ముందే అడిగింది: "బయట నిన్ను ఏమేమి పేర్లు పెట్టి పిలుస్తారు పాపా?"

నాకు ఒళ్లు మండింది. ఆ పేర్లు మళ్లీ దాని నోట చెప్పించడమేమిటి? శివాని మాత్రం తల ఎత్తింది. కాగితం అడిగి తీసుకుని, రాస్తూ పోయింది. రవణా, ఒక పేజీ నిండింది. ఒకటో తరగతి నుంచి పడిన మాటలు, వరసగా, ఎవరు అన్నారో కూడా రాసింది. అందులో రెండు మన బంధువులవే.

మేడం అదంతా చదివి, "నేను గూడ నల్లగుండా గదా, నాకు తెలుసులే అని నీతో అంటే అది అబద్ధమైతాది. నా నలుపు ఈ ఊరి నలుపు. దాన్ని జూసి నన్ను యాడ నుంచి వచ్చినావని ఎవ్వురూ అడగలేదు. నీ సంగతి వేరే. నాకు తెలీదు, నువ్వు చెప్తే వింటా" అంది. ఆ గదిలో శివాని మొదటిసారి ఏడ్చింది. జరిగినప్పటి నుంచి నాకు కనిపించని ఏడుపు అది.

ఇంకోరోజు మన కుటుంబాన్ని బొమ్మ గీయమంది. మీ బావను మీసంతో, నన్ను కొప్పుతో గీసింది. నిన్ను కూడా గీసింది, విమానం పక్కన, జడతో. తనను గీసుకున్న చోట ఒక గుండ్రం మాత్రం ఉంది. కళ్లు లేవు, నోరు లేదు, జుట్టు లేదు.

దాన్ని బయట కూర్చోబెట్టి మేడం నాతో మాట్లాడింది. నాకు రోషమొచ్చింది. "మేమేమి తక్కువ జేసినాము మేడం? పదిహేడేండ్లుగా మా ఇంట్లో రంగు మాట గానీ జుట్టు మాట గానీ ఎవ్వురూ ఎత్తలేదు తెల్సా?" అన్నాను.

"అదే నేనూ అడుగుతాండా అమ్మా" అంది మేడం. "పదిహేడేండ్లు ఎవ్వురూ ఎత్తకపోతే ఆ పాప ఏమనుకుంటాది? ఇంట్లో నోట్లోకి గూడ తేలేనంత చెడ్డది ఏదో నా ఒంట్లో ఉండాది అనుకోదా? ఆ పాప ఎవురో మీరు చెప్పలేదు. ఊరు చెప్పింది. తిట్టి చెప్పింది. ఇంగ ఆ పాపకు తెలిసిందంతా ఆ తిట్లే."

సంఘంలో అందరి కాపురాలూ చక్కదిద్దే తిరుపతమ్మ ఆ రోజు తన తప్పు ఇంకొకరి చేత చెప్పించుకుంది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని మన అమ్మ ఉంటే నవ్వేది. అప్పుడు మేడంతో నీ సంగతి చెప్పాను. హెన్రీ సంగతీ చెప్పాను. నువ్వు అప్పుడు పనిచేసిన ఇంట్లోనే డ్రైవరు, కెన్యా మనిషి, నీతో మర్యాదగా ఉండేవాడు, పెళ్లి చేసుకుంటానన్నాడు అని నువ్వు మైదుకూరులో ఏడుస్తూ చెప్పినదంతా. మేడం విని, ఇది నాకు కాదు, పాపకు చెప్పండి, పక్కన నేనుంటాను అంది. అందుకే శివానికి అన్నీ చెప్పేద్దామా అని సోమక్క ఫోనులో నిన్ను అడిగించాను.

నువ్వు రాసిన జవాబు ఇప్పుడు నా ఎదురుగా ఉంది. "చెప్పు అక్కా. నేనే కన్నతల్లినని చెప్పు. తండ్రి మాత్రం మనల్ని వదిలేసి పోయాడని చెప్పు. నేను వేరే ఇంట్లో పనికి చేరాక మన ఊరి అడ్రసు ఆయన దగ్గర ఉండి కూడా ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. అట్లాంటి మనిషిని ఆ పిల్ల తలుచుకోవాల్సిన పని లేదు" అని రాశావు.

ఈ మాటలు చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు, చెల్లీ. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనీ.

హెన్రీ వచ్చాడు.

శివానికి నాలుగేళ్లప్పుడు. ఉద్యోగం ముగించుకుని, తన దేశం పోకముందు చెన్నైలో దిగి, నువ్విచ్చిన అడ్రసు పట్టుకుని రాజంపేట బస్టాండులో దిగాడు. మీ బావ లోడుతో చెన్నై పోయి ఉన్నాడు. కువైట్లో ఆరేళ్లు చేసి వచ్చి ఆటో నడుపుతున్న ఓబుళేశు నీకు గుర్తే కదా. వాళ్లిద్దరూ ఆ అరబ్బీలోనే మాట్లాడుకున్నారట. ఓబుళేశు ఆయనను బస్టాండులోనే కూర్చోబెట్టి, పరుగున నా దగ్గరికి వచ్చాడు. "అక్కా, పాప నాయన వచ్చినాడు. ఒక్కసారి జూసి పోతాడంట. తోడుకొని రానా?" అన్నాడు.

నాకు అప్పుడు ఏమైందో దాచకుండా రాస్తాను. ఊరి భయం కాదు. పరువు కాదు. ఆయన నా బిడ్డను తీసుకుపోతాడని భయం. నువ్వూ ఆయనతో పోతావు, ముగ్గురూ ఒకటవుతారు, నేను మళ్లీ గొడ్రాలినవుతానని భయం. నేనే ఓబుళేశు ఆటో ఎక్కి బస్టాండుకు బయలుదేరాను. దారిలో అతనితో, పాప రెండేళ్లప్పుడు జ్వరమొచ్చి చనిపోయిందని చెప్పమన్నాను. ఓబుళేశు, "అక్కా, ఇది పాపం, నేను చెప్పలేను" అన్నాడు. అతని బిడ్డకు పురుడు పోసింది నేను. అది గుర్తు చేసి చెప్పించాను. రవణమ్మకు పెళ్లయిపోయింది, ఆమెను వెతకొద్దని కూడా చెప్పించాను.

ఆయన ఏడవలేదు. పూడ్చిన చోటు చూపించమన్నాడు. ఒక అబద్ధానికి ఇన్ని పనులుంటాయని నాకు తెలియదు. చూపించాను. చెయ్యేటి ఒడ్డున నరసన్న మనవరాలిని రెండేళ్ల కిందట పూడ్చిన దిబ్బ ఉంది. దాన్ని చూపించాను.

ఏటి ఒడ్డుకు ఆటో అంగన్‌వాడీ ముందు నుంచే పోవాలి. పిల్లలు వసారాలో ఆడుకుంటున్నారు. శివాని వాళ్లలోనే ఉంది. మూడు రోజుల కిందటే కొండ నుంచి వచ్చాం, నున్నటి గుండు మీద గంధం. కొత్త మనిషిని చూసి పిల్లలందరూ చేతులు ఊపారు. అదీ ఊపింది. ఆయన కూడా చేయి ఊపాడు. ఆ గుండు పాపను చూసి ఓబుళేశును ఏదో అడిగాడు. దేవుడి మొక్కు అని ఓబుళేశు చెప్పాడు. ఆయన తల ఆడించి, ముందుకు తిరిగి కూర్చున్నాడు.

జుట్టు ఉండి ఉంటే పోల్చుకునేవాడు, రవణా. ఒక్క చూపుతో పోల్చుకునేవాడు.

దిబ్బ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మట్టి మీద అరచేయి పెట్టాడు. గుప్పెడు మట్టి రుమాలులో కట్టుకున్నాడు. సంచిలోంచి ఒక దువ్వెన తీశాడు. నల్లటి కొయ్యది, పళ్లు వేలంత పొడుగు, ఎడం ఎడంగా ఉన్నాయి. పాపకు తన జుట్టే వచ్చి ఉంటుందని, ఇక్కడి దువ్వెనలతో తీస్తే నొప్పి పుడుతుందని తెచ్చాడట. దాన్ని దిబ్బ మీద పెట్టి, ఒక కాగితం మీద తన అడ్రసు రాసి నాకిచ్చి, నాకు దణ్ణం పెట్టి పోయాడు. దణ్ణం ఎలా పెట్టాలో కూడా నీ దగ్గర నేర్చుకున్నట్టున్నాడు.

అడ్రసు పొయ్యిలో వేశాను. సాయంత్రం మళ్లీ పోయి ఆ దువ్వెన తెచ్చుకున్నాను. ఎందుకు తెచ్చానని నన్ను అడగకు. అది నా బిడ్డ కోసం తెచ్చింది కదా, వేరేవాళ్ల బిడ్డ దిబ్బ మీద ఎందుకుండాలి అనిపించింది. పదమూడేళ్లు ట్రంకు పెట్టె అడుగున, నా పెళ్లి చీర కింద ఉంది. వరదల్లో ఏటి ఒడ్డంతా కోసుకుపోయి ఆ దిబ్బ కూడా పోయినప్పుడు, సిగ్గు లేకుండా, సాక్ష్యం పోయిందని అనుకున్నాను. ఓబుళేశు మాత్రం ఆ రోజు తర్వాత మన గడప తొక్కలేదు. ఎదురుపడితే "బాగుండావా అక్కా" అంటాడు, ముఖం చూడడు.

ఆయన నిన్ను వదిలేయలేదు. నీ బిడ్డనూ వదిలేయలేదు. ఈ పదమూడేళ్లు నువ్వు ఆయనను తిట్టుకున్న తిట్లన్నీ నాకు చెందాలి. ఫోనులో నువ్వు ఆ మాట ఎత్తినప్పుడల్లా "మగవాళ్లంతా అంతేలే" అని ఓదార్చిన నోరు ఇదే. నన్ను క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు.

మీ బావకు నిన్న చెప్పాను. విని, చెప్పులేసుకుని తోటకు పోయాడు. భోజనానికి రాలేదు.

రేపు గురువారం శివానికి మేడం దగ్గర రోజు. ఆ గదిలో మేడం ముందే ఈ ఉత్తరమూ ఆ దువ్వెనా దాని చేతిలో పెడతాను. నేను నోటితో చెబితే ఎక్కడో ఒకచోట నన్ను నేను వెనకేసుకొస్తాను. నా సంగతి నాకు తెలుసు. అందుకే రాశాను. కవరు అంటించను. చదివి చింపేయాలన్నా, నీకు పంపాలన్నా శివాని ఇష్టం. సోమక్క శనివారం విమానం ఎక్కుతుంది. ఇది నీ దాకా వచ్చిందంటే, అది చదివి, పంపమన్నదనే అర్థం.

శివానీ, ముందు చదివేది నువ్వే కాబట్టి నీకూ ఒక మాట. నీ జుట్టులో ఏ తప్పూ లేదు తల్లీ. దాన్ని చూస్తే నాకు మీ నాయన గుర్తొచ్చేవాడు, అందుకే తీయించాను. దేవుడు అడగలేదు.

ఇట్లు,
నువ్వు ఇంకా అనుకుంటే నీ అక్క,
తిరుపతమ్మ.

చిన్నమ్మా, కింద రాస్తున్నది నేను, శివానిని. చదివినాను. మీ ఇద్దర్నీ ఏమని పిలవాలో నాకింకా తెలీడం లేదు, అందుకే పాత పిలుపే రాసినా. దువ్వెన నా దగ్గరే ఉండాది. ఆయన ఊరేది? ఇంటిపేరేమి? నీకు గుర్తుండేదంతా రాయి, ఏదీ దాచద్దు. నేను సచ్చిపోలేదని ఆయనకు చెప్పాల.